మారిషస్ దీవి జనసంఖ్య – మనకొక పాఠము

విదురాశ్వత్థ క్షేత్రమును దర్శించినవారి కన్నులకు మొదట కట్టునవి నాగశిలలు. ఉత్తర పినాకినీ తీరమున, అశ్వత్థవృక్షము నిలిచిన తావు చుట్టును, వరుసలు వరుసలుగా లెక్కకు మిక్కిలియగు శిలలు నిలిచియున్నవి. ఆ మహావృక్షము 2001వ సంవత్సరమున నేలకొరిగినది గాని శిలలను ప్రతిష్ఠించు ఆచారము ఆగలేదు. ఒక్కొక్క శిల వెనుక ఒక్కొక్క దంపతుల మ్రొక్కు కలదు. ఆ మ్రొక్కులలో హెచ్చుపాలు సంతానము కొఱకైనవే. 1938 ఏప్రిల్ 25వ తేదీన జాతీయ పతాకము నెత్తబూనిన ప్రజలపై తుపాకులు ప్రేలిన స్థలముగా ఈ క్షేత్రము దేశచరిత్రలో నిలిచినది. ఆ చరిత్ర మనవారెల్లరు ఎఱిగినదే. శిలలు చెప్పు చరిత్ర మఱియొకటి కలదు. దానిని తలచువారు తక్కువ. అది జనసంఖ్య చరిత్ర.

మన ముత్తవ్వల కాలమున సంతానమునకై మ్రొక్కుట యనగా గర్భము నిలుచుటకు మాత్రమే కాదు, పుట్టిన బిడ్డ దక్కుటకు కూడ. మశూచి, కలరా, చలిజ్వరము, కరువు – ఈ నాల్గింటి వాత పడక ఎదిగిన బిడ్డయే బిడ్డ. 1871లో ఆనాటి కోలారు జిల్లా జనసంఖ్య ఆఱు లక్షలకు మించియుండెను. పదియేండ్ల తరువాత, 1881లో లెక్కించునప్పటికి అది సుమారు 4,60,000కు దిగజారినది. నడుమ వచ్చినది 1876–78 నాటి కఱవు. మన పెద్దలు దానిని ధాత కరువని చెప్పుకొనెడివారు. ఒక జిల్లాలో నలుగురిలో ఒకరు లేకుండ పోయిన ఆ దినములలో, ఇల్లు నిండ బిడ్డలు కావలెనని కోరుట మౌఢ్యము కాదు. అది వంశము నిలుపుకొను ఉపాయము.

ఇట్టి లోకము ఎట్లు మారినది? చావులు తగ్గి జనము పొంగినప్పుడు జనులేమి చేసిరి? తమ సంఖ్యయే తమ బలమని తలచు చిన్న సమాజములు ఆ కాలమును ఎట్లు గడపినవి? ఈ ప్రశ్నలకు మన జిల్లాలోనే జవాబు వెదకవచ్చును గాని, మన దేశము చాల పెద్దది. ఇందు మార్పు మెల్లగా, ప్రాంతమునకొక రీతిగా జరిగినది. అదే కథ ఒక చిన్న దీవిలో, ముప్పదియేండ్లలో, కన్నుల యెదుట జరిగినది. ఆ దీవి మారిషస్. ఆఫ్రికా ఖండమునకు తూర్పున, హిందూ మహాసముద్రమున ఉన్న ఆ దేశమున మన తెలుగువారును తరతరములుగా స్థిరపడియున్నారు. మనవలెనే వారును ఇతర భాషలవారి నడుమ చిన్న సంఖ్యగా బ్రతుకుచున్నవారే. కావున వారి దేశము స్వతంత్రమైన కాలమున అచ్చటి జనసంఖ్య నడిచిన త్రోవను మన కుటుంబములవారు తెలిసికొనుట మేలని తలచి మేము ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

మారిషస్ దీవి వైశాల్యము సుమారు 720 చదరపు మైళ్లు. 1833లో బ్రిటిష్ వారు బానిసత్వమును రద్దు చేయుటకు నిర్ణయించిన తరువాత, చెఱకు తోటలలో పనికి ఒప్పందపు కూలీలను హిందూదేశము నుండి కొనిపోసాగిరి. ఇరువదవ శతాబ్దారంభము వఱకు సాగిన ఆ వలసలో నాలుగు లక్షలకు మించిన జనము పోర్ట్ లూయీ రేవున దిగినది. వారు దిగిన మెట్లు గల ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. వారిలో పెక్కుమంది బిహారు వైపువారు. మద్రాసు రాజధాని నుండి పోయినవారును చాలమంది. తెలుగువారు కోరంగి, విశాఖపట్టణము, మద్రాసు రేవుల నుండి ఓడలెక్కిరి. కోరంగి రేవు పేర అచ్చట తెలుగువారికి కోరంగులను పేరే వాడుకలోనికి వచ్చినది. కరువు, అప్పు, పాలేరుతనము – వీనిని తప్పించుకొనుటకు పోయిన వారే హెచ్చు.

పోయినవారందఱు బ్రతికిరా యనిన, జనాభా లెక్కలే సాక్ష్యము పలుకుచున్నవి. 1861లో దీవి జనసంఖ్య 3,10,000. 1901లో 3,71,000. 1931లో 3,93,000. 1944లో 4,19,000. ఎనుబదిమూడేండ్లలో పెరిగినది ఒక లక్ష తొమ్మిదివేలు మాత్రమే. అందును, మొదటి యేబదియేండ్లు ఓడలు క్రొత్త జనమును తెచ్చుచునే యుండెను. అనగా పుట్టుకలకును చావులకును ఇంచుమించు సరిపోయినదని అర్థము. 1866–68లో చలిజ్వరము మొదటిసారి దీవిని ఆవరించి పదుల వేల మందిని కబళించినది. నాటి నుండి ఆ జ్వరము అచ్చటనే స్థిరవాసము చేసికొనినది. తీరప్రాంతపు పల్లెలలో జ్వరము, రక్తహీనత, ప్లీహపు వాపు లేని ఇల్లు అరుదు. తల్లుల గర్భములు నిలువకుండుటకును, పసిబిడ్డలు దక్కకుండుటకును అదియే పెద్ద కారణము.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఈ స్థితి యకస్మాత్తుగా మారినది. 1949 నుండి 1951 వఱకు దీవిలోని ఇండ్ల గోడలకు డి.డి.టి. మందు చల్లించిరి. చలిజ్వరమును మోయు దోమ మనుష్యుని కుట్టిన పిమ్మట గోడపై వాలి విశ్రమించును. గోడకు మందున్నచో చచ్చును. ఇంత సులభమైన ఉపాయముతో రెండు మూడు సంవత్సరములలో చలిజ్వరము దాదాపు అడగారినది. 1940 దశకపు నడుమ వేయింటికి 25కు మించి ఉండిన చావులు, ఆ తరువాతి దశకాంతమునకు సుమారు 12కు దిగినవి. ఇంకొక విశేషము కలదు. జ్వరము పోవుటతో తల్లుల ఆరోగ్యము కుదుటబడి పుట్టుకలును పెరిగినవి. 1950 ప్రాంతమున అవి వేయింటికి 45ను దాటినవి. ఒకే సమయమున చావులు తగ్గి, పుట్టుకలు హెచ్చినచో ఏమగునో చెప్పనక్కఱలేదు.

1944లో 4,19,000గా ఉండిన జనము 1952లో 5,01,000 ఆయెను. 1962లో 6,81,000 ఆయెను. మునుపు ఎనుబదిమూడేండ్లలో పెరిగిన దానికి రెండింతలకు మించి, పదునెనిమిదేండ్లలో పెరిగినదన్నమాట. వడ్డీ లెక్కలు తెలిసిన వారికి ఒక సూత్రము తెలియును: నూటికి మూడు చొప్పున చక్రవడ్డీతో పెరుగు మొత్తము ఇరువదిమూడు ఇరువదినాలుగు సంవత్సరములకు ఇబ్బడి యగును. మారిషస్ జనసంఖ్య ఆనాడు ఇంచుమించు ఆ చొప్పుననే పెరుగుచుండెను. మన కోలారు జిల్లాతో పోల్చి చూచినచో తేడా తెలియును. ఇచ్చట 1951లో 11 లక్షల పైచిలుకుగా ఉండిన జనము 1961లో 12,90,000 ఆయెను. పదియేండ్లలో నూటికి పదునాలుగు వంతులు. అదే దశకమున మారిషస్ దీవి నూటికి ముప్పదియాఱు వంతులు పెరిగినది.

పెరిగిన నోళ్లకు తిండి యెచ్చటి నుండి వచ్చును? దీవిలో సాగుకు వచ్చు నేలయంతయు చెఱకే. ఎగుమతియంతయు చక్కెరయే. బియ్యము, పిండి, బట్ట – అన్నియు ఓడపై రావలసినవే. చెఱకు తోటకు కోతకాలమున జనము కావలెను గాని సంవత్సరము పొడుగునను అక్కఱలేదు. బడి వయస్సు బిడ్డలు ఏటేట వేలకొలది హెచ్చుచుండిరి. వారు ఎదిగి పనికై వచ్చునప్పటికి పని లేదు. దీనికి తోడు 1960 ఫిబ్రవరి చివర కేరల్ అను పేరుగల తుపాను దీవిని విధ్వస్తము చేసి వేలకొలది కుటుంబములను నిలువనీడ లేకుండ చేసినది.

ఈ స్థితిని విచారించుటకు ప్రభుత్వము ఇద్దఱు ఇంగ్లీషు పండితులను రప్పించినది. సాంఘిక విషయములపై రిచర్డ్ టిట్మస్ తన సహాయకులతోను, ఆర్థిక విషయములపై జేమ్స్ మీడ్ తన బృందముతోను నివేదికలు వ్రాసిరి. అవి 1961లో పుస్తకములుగా వెలువడినవి. పుట్టుకలు తగ్గనిచో శతాబ్దాంతమునకు దీవి జనము ముప్పది లక్షల చేరువకు పోవచ్చునని టిట్మస్ బృందము లెక్క కట్టినది. మువ్వురు బిడ్డల కుటుంబమును ఆదర్శముగా పెట్టుకొని, ప్రసూతి వైద్యముతో పాటు కుటుంబ నియంత్రణ సలహాలను కూడ ప్రజలకు అందీయవలెనని వారు సూచించిరి. మీడ్ పండితుడు మాల్థస్ చెప్పిన జనాభా సూత్రమునకు ఈ దీవిని ఉదాహరణగా చూపి, భవిష్యత్తుపై పెద్ద ఆశ పెట్టుకొనలేదు. ఆయనకు 1977లో ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. అంతటి వాని అంచనా కూడ తప్పినదని మనము ముందు చూడగలము.

ఇచ్చటనే అసలు చిక్కు మొదలయ్యెను. జనసంఖ్య తగ్గించుకొనుట దేశమునకు మంచిదని అందఱును అంగీకరింతురు. అయితే ఎవరి సంఖ్య తగ్గవలెను? మారిషస్‌లో హిందువులు, ముస్లిములు, చీనీయులు, ఆఫ్రికా ఐరోపా సంతతివారు – ఇందఱు ఒక్క దీవిలో ఉన్నారు. స్వాతంత్ర్యము వచ్చినచో ఓటు సంఖ్యయే అధికారమగును. అట్టి సమయమున, మేము బిడ్డలను తగ్గించుకొనగా ఎదుటివారు తగ్గించుకొననిచో మా గతియేమి అను శంక పుట్టుట సహజము. దానికి తోడు కృత్రిమ నియంత్రణ పద్ధతులు పాపమని కాథలిక్ మతాధిపతుల అభ్యంతరము. ఇంటిలో తేలవలసిన విషయము ఈ విధముగా ఎన్నికల విషయమై కూర్చున్నది.

1967 ఆగస్టు 7వ తేదీన జరిగిన ఎన్నికలలో స్వాతంత్ర్యపక్షమే గెలిచినను, నూటికి 44 వోట్లు ప్రతిపక్షమునకు పడినవి. సంఖ్యాబలము గలవారి పాలనలో తమకు చోటుండదని భయపడి పెక్కు కుటుంబములు ఐరోపాకును ఆస్ట్రేలియాకును వలసపోయినవి. 1968 జనవరిలో పోర్ట్ లూయీ నగరమున రెండు వర్గముల నడుమ రక్తపాతము జరుగగా బ్రిటిష్ సైన్యమును పిలిపింపవలసి వచ్చినది. ఆ భయములు చల్లారక మునుపే, 1968 మార్చి 12వ తేదీన మారిషస్ స్వతంత్రమైనది. వైద్యవృత్తి నుండి రాజకీయములలోనికి వచ్చిన శివసాగర్ రామ్‌గులామ్ ప్రధానమంత్రి యాయెను.

ఈ భయమును రాజ్యాంగమే లెక్కలోనికి తీసికొనవలసి వచ్చినది. శాసనసభలో 62 మంది ప్రజలచే నేరుగా ఎన్నుకొనబడుదురు. ఆ మీద ఎనిమిది స్థానములను, ఓడిన అభ్యర్థులలో మేలైన వోట్లు పొందినవారికి, తక్కువ ప్రాతినిధ్యము గల వర్గములను చూచి యిచ్చు ఏర్పాటు చేసిరి. అందుకై ప్రజలను నాలుగు వర్గములుగా విభజించిరి: హిందువులు, ముస్లిములు, చీనా సంతతివారు, మిగిలిన సాధారణ ప్రజలు. తెలుగువారు ఈ లెక్కలో హిందువులలో చేరినవారే. వారికి వేఱు గడి లేదు. వర్గములవారి లెక్క కడపటిసారి తీసినది 1972 జనగణనలో. 1982లో ఆ ప్రశ్ననే తొలగించిరి. తరువాత జరిగిన ఎన్నికలలో ఆ ఎనిమిది స్థానములను పంచుటకు 1972 అంకెలనే ఆధారము చేసికొనిరి. సంఖ్య పెరిగినందున లాభము లేదు, తగ్గినందున నష్టము లేదు అను స్థితి కలుగుట జనులకు కొంత మనశ్శాంతి నిచ్చియుండునని మా అభిప్రాయము.

ఇక పుట్టుకల విషయము. 1957లోనే కొందఱు పౌరులు కలిసి కుటుంబ నియంత్రణ సంఘము నొకదానిని స్థాపించిరి. కాథలిక్ మతస్థులు దానిని ఎదిరించి ఊరకుండలేదు. తమ మతమునకు సమ్మతమైన సహజ పద్ధతిని బోధించుటకు 1963లో ఆక్సియోఁ ఫామిలియాల్ అను వేఱొక సంస్థను నెలకొల్పిరి. ప్రభుత్వము ఇరువురిలో ఒకరిని పక్షము వహింపక, ఇరుసంస్థలకును ధనసహాయము చేసినది. ఏ యిల్లాలికి ఏ పద్ధతి సమ్మతమో ఆమె ఆ ద్వారమున పోవచ్చును. ఈ చిన్న వివేకము పెద్ద వివాదమును చల్లార్చినది. బలవంతము లేదు, శిక్ష లేదు, బహుమతులతో ఊరించుట లేదు.

దీనికంటె బలమైన కారణము మఱియొకటి కలదు. ఆడుబిడ్డలను బడికి పంపుట ఆ దీవిలో అన్ని వర్గములలోను వాడుకయైనది. చదువుకొనిన పిల్లకు పెండ్లి ఆలస్యమగును. ఆలస్యముగా పెండ్లియైన పిల్లకు బిడ్డలు తక్కువ. పుట్టిన బిడ్డ బ్రతుకునను నమ్మిక గల తల్లి, చనిపోవునేమోయను భయముతో మఱియొక బిడ్డను కనదు. ఈ కారణములన్నియు కలిసి చేసిన పని ఆశ్చర్యకరము. 1960 దశకారంభమున ఒక్కొక్క స్త్రీకి సగటున ఆఱుగురు బిడ్డలు పుట్టుచుండగా, 1972 నాటికి ఆ సగటు మూడున్నఱకు లోబడినది. అనగా స్వాతంత్ర్యము వచ్చిన కాలమునకు అటునిటు పదియేండ్లలో, ప్రజలు ఒకరినొకరు శంకించుకొనుచున్న దినములలోనే, అన్ని వర్గముల ఇల్లాండ్రును ఇంచుమించు ఒకే నిర్ణయము చేసిరి. ఇంటింటను జరిగిన ఆ నిర్ణయమునకు ఊరేగింపులు లేవు, ఉపన్యాసములు లేవు.

ధనము వచ్చిన తరువాత బిడ్డలు తగ్గుదురని సామాన్యముగా చెప్పుదురు. ఇచ్చట క్రమము తలక్రిందులైనది. ఎగుమతి కర్మాగారములకు త్రోవ తీసిన చట్టము 1970లో వచ్చినది. బట్టల కర్మాగారములలో స్త్రీలకు వేలకొలది పనులు దొరికినది ఆ పిమ్మట. పుట్టుకలు తగ్గుట అంతకు ముందే సాగినది. దీవి జనము 1972లో 8,26,000 ఉండగా, 2000 సంవత్సరమున 11,43,000 ఆయెను. ముప్పది లక్షలను అంకె కాగితముపైననే నిలిచిపోయినది. 2011 తరువాత పెరుగుదల దాదాపు ఆగినది. ఇప్పుడచ్చటి పెద్దల విచారము జనము హెచ్చుటను గూర్చి కాదు, ముసలివారు హెచ్చి పిల్లలు తక్కువ యగుటను గూర్చి. చలిజ్వరము మాత్రము ఒకసారి హెచ్చరిక చేయకపోలేదు. 1973లో దీవికి జ్వరవిముక్తి పత్రము వచ్చిన రెండేండ్లకే, 1975 నాటి జెర్వేజ్ తుపాను తరువాత అది మరల తలయెత్తినది. దానిని పూర్తిగా తొలగించుటకు 1998 వఱకు పట్టినది.

మన మైసూరు దేశము ఈ విషయమున వెనుకబడినదని ఎవరును తలపరాదు. 1930లో మీర్జా ఇస్మాయిల్ దివానుగిరిలో ప్రభుత్వాసుపత్రులలో సంతాన నియంత్రణ కేంద్రములు తెఱవబడినవి. లోకమున ఒక ప్రభుత్వము ఇట్టి కేంద్రములను తెఱచుటకు ఇది తొలి ఉదాహరణమని చెప్పుదురు. 1952లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయముతో రామనగరమున ఒక ప్రయోగము జరిగినది. రంగురంగుల పూసల దండ యొకటి స్త్రీలకిచ్చి, దినమునకొక పూస చొప్పున జరుపుకొనుచు ఏ దినము ఎట్టిదో తెలిసికొమ్మనిరి. ఆశించిన ఫలము చేకూరలేదు. ఉపాయము చేతికిచ్చినంత మాత్రమున చాలదు. చదువు, బిడ్డ దక్కునను నమ్మిక, ఇంటిలో ఇల్లాలి మాటకు విలువ – ఈ మూడును తోడు రావలెను. అవి సమకూడినప్పుడు మన దిక్కునను మారిషస్ కథయే నడిచినది. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో కర్ణాటక స్త్రీకి సగటున పుట్టిన బిడ్డలు 1.7 మాత్రమే.

ఇంతకును మారిషస్ తెలుగువారి సంగతి యేమైనది? దీవి జనములో వారు నూటికి ఇద్దఱు ముగ్గురు మాత్రమే. బిడ్డలను తగ్గించుకొని వారు మాయమైరా? కాలేదు. ఉగాది ఆ దేశమున సర్కారు సెలవుదినము. రామభజనలు, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ నేటికిని జరుగుచున్నవి. బడులలో తెలుగు ఐచ్ఛికముగా నేర్పబడుచున్నది. మహాత్మా గాంధీ సంస్థలో పైచదువునకును వీలు కలదు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగినవి. అయితే ఇంకొక సత్యమును కూడ దాచరాదు. ఇంటిలో తెలుగు మాట్లాడువారు అచ్చట బహు స్వల్పము. తల్లి బిడ్డను లాలించు భాష క్రియోల్ అయినది. పూజకు తెలుగు, వీథికి క్రియోల్, కచేరీకి ఇంగ్లీషు, పత్రికకు ఫ్రెంచి – ఇది వారి స్థితి.

ఇందలి పాఠము స్పష్టము. వారి భాష క్షీణించినది బిడ్డలు తక్కువైనందున కాదు. ఇంటికి ఆర్గురు బిడ్డలున్న దినములలోనే అది ఇండ్లలో తగ్గనారంభించినది. నిలిచినంత మేఱకు నిలిచినదియు బిడ్డలు ఎక్కువగా ఉన్నందున కాదు. బడిలో ఒక గంట, గుడిలో ఒక భజన, సంవత్సరమునకొక పండుగ విడువక నిలుపుకొన్నందుననే. ఉయ్యాలల సంఖ్య వేఱు, ఉయ్యాల యొద్ద పాడు పాట వేఱు.

మన సంగతికి వత్తము. 1956 నవంబరు 1వ తేదీన భాషారాష్ట్రము లేర్పడినప్పుడు, తెలుగు మాట్లాడువారు సగమునకు మించియున్న కోలారు జిల్లా మైసూరు రాష్ట్రముననే నిలిచినది. బాగేపల్లి, చింతామణి, గౌరిబిదనూరు ప్రాంతముల మనవారు నాటి నుండి కన్నడ సోదరులతో కలిసిమెలిసి బ్రతుకుచున్నారు. ఇండ్లలో తెలుగు, బడిలో కన్నడము, సంతలో రెండును. 2007లో చిక్కబళ్లాపురము వేఱు జిల్లా యైనను ఈ జీవనము మారలేదు. మన పెద్దలు కొందఱు నేటికిని ఒక భయము వెలిబుచ్చుచుందురు: ఇంటికి ఒకరిద్దఱు బిడ్డలైనచో మనవారి సంఖ్య తగ్గి, గౌరవము తగ్గునని. మారిషస్‌లో 1960 దశకమున వినవచ్చిన భయమే ఇది. దక్షిణ రాష్ట్రములు మొత్తముగా ఈ భయమునే లోక్‌సభ స్థానముల విషయమున పడినవి. అందుకే 1976లో రాజ్యాంగమును సవరించి 1971 జనసంఖ్య ఆధారముగా ఆ స్థానముల పంపకమును నిలిపివేసిరి. 2001లో దానిని 2026 తరువాతి మొదటి జనగణన వఱకు పొడిగించిరి. మారిషస్ 1972 వద్ద ఆగినట్లే మనమును 1971 వద్ద ఆగితిమి.

సంఖ్యకు విలువ లేదని మేము చెప్పుటలేదు. అల్పసంఖ్యాక భాషలవారికి కలిగిన రక్షణలు సంఖ్యపై ఆధారపడినవే. ప్రాథమిక పాఠశాలలో నలువది మంది గాని, ఒక తరగతిలో పదిమంది గాని ఒక భాషవారున్నచో ఆ భాషలో బోధనకు ఏర్పాటు చేయవలెనని 1949 నాటి నుండి ఒక నియమము కలదు. ఒక తాలూకా జనములో నూటికి 15 మంది ఒక భాషవారున్నచో ముఖ్య ప్రకటనలు ఆ భాషలోను వెలువరింపవలెననియు కలదు. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనను గూర్చి 350–ఎ అధికరణము 1956లోనే రాజ్యాంగమున చేరినది. అయితే ఈ లెక్కలలో పుట్టిన బిడ్డ దానంతట చేరదు. చెప్పినవాడే చేరును. బడిలో చేరిన బిడ్డయే చేరును.

1991 జనగణన సమయమున మేమును కొన్ని గ్రామముల లెక్కపత్రములను సరిచూచు పనిలో నుంటిమి. సందేహము తోచిన ఇండ్లకు మరల పోయి అడుగవలసి వచ్చెడిది. మాతృభాష యేదని అడిగినచో, తెలుగుననే బదులు చెప్పుచు, "ఏదో ఒకటి రాసుకో సామీ, దానివల్ల మాకేమొస్తుంది" అనిన గృహస్థులు ఒకరిద్దఱు కారు. మనుమడు ఎందఱని అడిగినచో వ్రేళ్లు లెక్కించి ఉత్సాహముతో చెప్పిన ఆ పెద్దలే, భాష గడి యొద్దకు వచ్చునప్పటికి ఉదాసీనులైరి. పదిమంది మనుమలు ఉండియు గడి తప్పుగా నిండినచో, తెలుగు లెక్కలో పదియు సున్నయే. ఒక్క మనుమరాలు ఉండి ఆమె తెలుగు చదువ నేర్చినచో, లెక్కలో ఒకటి ఒకటియే.

కావున మన కుటుంబములకు మేము విన్నవించునది ఇంతే. కోడండ్రను సంఖ్యకై ఒత్తిడి చేయవలదు. ఎందఱు బిడ్డలు కావలెనో, ఎప్పుడు కావలెనో ఆ దంపతులు నిర్ణయించుకొనుట మేలు. ఆడుబిడ్డ చదువును నడుమ ఆపవలదు. మారిషస్‌లో పండితుల భయమును వమ్ము చేసినది ఆ చదువే. జనగణనవారు గడప యెక్కిన దినమున, కన్నడము మన బ్రతుకు భాషయని గౌరవించుచునే, మాతృభాష గడిలో తెలుగని నిస్సంకోచముగా వ్రాయింపుడు. వ్రాయించిన పిమ్మట ఆ సాయంకాలమే బిడ్డను చెంత కూర్చుండబెట్టుకొని నాలుగక్షరములు దిద్దింపుడు. గడిలో వ్రాసినది నిజమగుటకు అంతకుమించిన దారి లేదు.